దీవి పేరు తర్వాత, ముందు నెల చూడండి: బీచ్ సెలవులకి దీవిని ఎంచుకునే పద్ధతి

అండమాన్‌లోని నీల్ దీవిలో మేం దిగిన కాటేజీకి ఫోటోల్లో గుమ్మం ముందే సముద్రం ఉంది. లేత నీలంగా, అలల్లేకుండా, అద్దంలా. వెళ్ళిన రోజు మధ్యాహ్నం భోంచేసి, పిల్లలకి ఈత బట్టలు తొడిగి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని బయటికొస్తే సముద్రం లేదు. ఎక్కడో అవతల తెల్లటి గీతలా కనిపిస్తోంది. మధ్యలో అంతా నల్లరాళ్ళు, చచ్చిన పగడాల ముక్కలు, చిన్న చిన్న గుంటల్లో పీతలు. "నీళ్ళేమయ్యాయి బాబూ?" అని మా అత్తగారు తెలుగులోనే అడిగారు. కాటేజీ కుర్రాడికి అర్థమైపోయింది. సాయంత్రానికి వచ్చేస్తాయని హిందీలో చెప్పాడు, పాలవాడి గురించి చెప్పినంత మామూలుగా.

నీళ్ళు వచ్చాయి. వచ్చేసరికి చీకటి పడింది. డిసెంబరులో అండమాన్‌లో సాయంత్రం 5 గంటలకే సూర్యుడు దిగిపోతాడని అప్పటిదాకా మాకు తెలీదు.

ఆ ఫోటోలో అబద్ధమేం లేదు, పోటు మీద, అంటే నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు తీశారు అంతే. తప్పు మాదే. దీవి పేరు విని టిక్కెట్లు కొన్నాం, ఫోటో చూసి గది తీసుకున్నాం, వాతావరణం బయల్దేరే ముందు రోజు రాత్రి చూశాం. ఈ వరసే తిరగబడాలి. ముందు మనతో వచ్చే మనుషులు, తర్వాత నెల, ఆ తర్వాత దారి, డబ్బు, ఆఖరున దీవిలో ఏ ఒడ్డు అన్నది. ఇవన్నీ తేలాక పేరు దానంతటదే తేలుతుంది.

అడుగు 1: నీళ్ళలో ఎవరు దిగుతారు?

మనలో ఎక్కువమందికి సముద్రం అంటే విశాఖ ఆర్కే బీచో, బాపట్ల సూర్యలంకో, నెల్లూరు దగ్గర మైపాడో. మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి, అల వస్తే పరిగెత్తుకొచ్చి, ఇసుక పట్టిన బట్టలతో బజ్జీలు తినడం. ఈత వచ్చినవాళ్ళు కూడా అక్కడ ఈదరు, ఈదకూడదు కూడా. బంగాళాఖాతం అలలు నేరుగా వచ్చి ఒడ్డుని కొడతాయి. అడ్డం ఏమీ లేదు.

ఉష్ణమండల దీవుల్లో చాలాచోట్ల ఆ అడ్డం ఉంటుంది. అదే పగడపు దిబ్బ. అల ముందు దిబ్బ మీద విరిగిపోతుంది. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య నిలబడే లోతు తక్కువ నీటిని లాగూన్ అంటారు. ఐదేళ్ళ పిల్లైనా, డెబ్భై ఏళ్ళ పెద్దావిడైనా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుము లోతులో నిలబడగలిగేది అక్కడే. అందుకే మొదటి ప్రశ్న "ఏ దీవి?" కాదు, "మనకి లాగూన్ కావాలా, అలలు కావాలా?" అన్నది.

దీవులు ఎలా పుట్టాయో కొంచెం తెలిస్తే ఈ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. లక్షద్వీప్, మాల్దీవులు పగడపు దీవులు. ఎప్పుడో మునిగిపోయిన కొండల అంచుల మీద పగడాలు పేరుకుని ఉంగరంలా మిగిలాయి. వీటినే అటాల్ అంటారు. ఇక్కడ లాగూన్‌కి లోటు లేదు. కాకపోతే నేల సగటున సముద్రం కంటే ఒకటిన్నర మీటరు ఎత్తు మాత్రమే. కొండ లేదు, ఏరు లేదు, చాలా దీవుల్ని పావుగంటలో చుట్టేసి రావచ్చు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి అది స్వర్గం. మా మావయ్యలాంటి మనిషికి మూడో రోజు పొద్దున్నే "ఇంకేం చూడాలి?" అన్న ప్రశ్న మొదలవుతుంది.

అండమాన్ సముద్రంలో మునిగిన పర్వతశ్రేణి. బర్మాలోని అరకాన్ కొండల కొనసాగింపు. అడవి ఉంది, ఊళ్ళున్నాయి, సంత ఉంది, సెల్యులార్ జైలు ఉంది. మారిషస్, బాలి అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి. కానీ రెండూ ఒకటి కాదు. మారిషస్ చుట్టూ చాలా భాగం దిబ్బ కంచెలా ఉంది, లోపల నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. బాలి దక్షిణాన కుటా, ఉలువాటు వైపు సర్ఫింగ్ చేసేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే అలలుంటాయి. పిల్లలతో బాలి వెళ్ళి కుటాలో గది తీసుకుని "ఇంతదూరం వచ్చినా ఆర్కే బీచే" అని నిట్టూర్చినవాళ్ళని నేనెరుగుదును. అదే బాలిలో నుసా దువా వైపు నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. సేషెల్స్ ముఖ్య దీవులు గ్రానైట్ రాళ్ళవి. ఫోటోల్లో గుండ్రటి పెద్ద పెద్ద బండరాళ్ళు కనిపించేవి అవే. అందం విషయంలో దానికి సాటి లేదు, ఖర్చు విషయంలో కూడా.

ఒక కాగితం తీసుకుని వచ్చేవాళ్ళ పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన ఒక్క మాట: ఈత, నడుము లోతు, ఒడ్డున కుర్చీ, స్కూబా (గాలి సిలిండరు తగిలించుకుని నీటి అడుగుకి దిగడం). "ఒడ్డున కుర్చీ" సగమో, అంతకంటే ఎక్కువో అయితే అటాల్ వద్దు, ఊరున్న దీవి చూడండి.

అడుగు 2: సెలవు ఎప్పుడో దాన్నిబట్టే దీవి

ఇక్కడే తీరిగ్గా కూర్చోవాలి. ఒకే దీవి జనవరిలో అద్దంలా, జులైలో బురదనీళ్ళలా ఉండొచ్చు. కారణం మనకి చిన్నప్పటి సాంఘిక శాస్త్రం పాఠమే: రుతుపవనాలు. నైరుతి గాలులు మే చివర నుంచి సెప్టెంబరు దాకా, ఈశాన్య గాలులు అక్టోబరు నుంచి. ఏ గాలి వీస్తుంటే దానికి ఎదురుగా ఉన్న ఒడ్డు దెబ్బ తింటుంది, వెనక వైపు ఒడ్డు గాలి మరుగున పడి హాయిగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే ట్రావెల్ ఏజెంటుతో సమానంగా మాట్లాడొచ్చు.

శ్రీలంక దీనికి మంచి ఉదాహరణ. ఒకే దేశం, రెండు సీజన్లు. బెంతోట, ఉణవటున, మిరిస్సా ఉన్న నైరుతి తీరం డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. త్రికోణమలై, నీలావెలి, పాసికుడా ఉన్న తూర్పు తీరం మే నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది. మే నెలలో "శ్రీలంక ప్యాకేజీ చవగ్గా వచ్చింది" అని బెంతోట వెళ్తే, చవగ్గా ఎందుకొచ్చిందో అక్కడ కిటికీలోంచి వాన చూస్తుంటే తెలుస్తుంది.

థాయ్‌లాండ్ కూడా అంతే. ఫుకెట్, క్రాబీ అండమాన్ సముద్రం వైపున్నాయి. వాటికి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. కో సముయి, కో ఫంగన్ అవతలి పక్క థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉన్నాయి. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, వేసవిలో ఫుకెట్ తడుస్తున్నప్పుడు అక్కడ ఎండ కాస్తుంటుంది.

ఇప్పుడు మన సెలవుల లెక్కకి వద్దాం. మనకి స్కూళ్ళ సెలవులు మూడు: వేసవి, దసరా, సంక్రాంతి.

సంక్రాంతికి అదృష్టవంతులం. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు, ఫుకెట్, శ్రీలంక నైరుతి తీరం, అన్నీ బాగుండే కాలం. రద్దీ, రేట్లు కూడా అలాగే ఉంటాయి. ఆ నెలలో పక్కన పెట్టాల్సినవి బాలి, మారిషస్. బాలికి అది వానాకాలం. పైగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలులకి ప్లాస్టిక్ చెత్త కుటా తీరానికి కొట్టుకొస్తుంది. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం.

వేసవి సెలవుల్లో కథ తిరగబడుతుంది. అండమాన్‌కి రుతుపవనాలు మన కంటే ముందే, మామూలుగా మే మూడో వారంలో వచ్చేస్తాయి. కాబట్టి ఏప్రిల్ చివర, మే మొదటి వారం అయితే సరే. ఎండ మండిపోతుంది గానీ సముద్రం పలకలా ఉంటుంది, స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలి అడుగు చూడడం) చేసేవాళ్ళకి నీళ్ళు తేటగా కనిపిస్తాయి. మే సగం దాటాక ఫెర్రీలు ఆగిపోతే అక్కడే ఇరుక్కుంటారు. లక్షద్వీప్ కూడా మే మధ్యకల్లా దాదాపు కట్టేస్తారు. మే, జూన్‌లలో వెళ్ళాల్సిందే అంటే బాలి, శ్రీలంక తూర్పు తీరం, కో సముయి చూడండి. బాలికి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం.

దసరా మధ్యస్థం. ఒక గాలి పోయి ఇంకో గాలి వచ్చే సమయం, బంగాళాఖాతంలో వాయుగుండాల సీజన్. అక్టోబరులో అండమాన్ టిక్కెట్టు కొనడమంటే కొంచెం జూదమే, నేనైతే కొనను. ఆ నెలకి నా ఓటు మారిషస్‌కే. అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ వాన తక్కువ, నీళ్ళు అప్పుడప్పుడే వెచ్చబడుతుంటాయి. మనకి ఇంకో కారణం కూడా ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి అక్కడ స్థిరపడింది. కోరంగి రేవు మీదుగా వచ్చారని వాళ్ళని కోరంగీలనేవారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. మన కాకినాడ పక్కన మడ అడవుల్లో పడవ ఎక్కే కోరంగి పేరు అంత దూరం వెళ్ళిందన్నమాట.

మారిషస్‌లో మళ్ళీ ఏ వైపు అన్నది ముఖ్యం. ఆగ్నేయం నుంచి ఏడాదంతా గాలి వీస్తుంది, జులై, ఆగస్టుల్లో మరీ ఎక్కువ. ఆ నెలల్లో తూర్పున బెల్ మార్ వైపు గదులు తీసుకుంటే గాలికి గొడుగు నిలవదు. పడమర, ఉత్తరం వైపు వెచ్చగా ఉంటుంది.

అడుగు 3: ఆఖరి మెట్టు

విమానం దిగాక దీవి దాకా ఇంకా ఒక మెట్టు ఉంటుంది. ట్రిప్ పాడయ్యేది సాధారణంగా అక్కడే.

అండమాన్‌కి హైదరాబాద్ నుంచి నేరుగా రెండున్నర గంటల్లో వెళ్ళిపోవచ్చు. అక్కడి రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అంతకుముందే 2018లో హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. టిక్కెట్ల మీద ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు. రెండూ గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కి ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఫెర్రీ ఏ కారణానికైనా ఆగొచ్చు, సమయం మారొచ్చు. అందుకే తిరుగు ఫెర్రీ, తిరుగు విమానం ఒకే రోజు పెట్టుకోవద్దు. ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకుంటే నష్టమేం లేదు, జైలు, రాస్ దీవి ఆ రోజుకి అట్టిపెట్టుకోవచ్చు. పైగా అక్కడ మనకి భాష సమస్య తక్కువ. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో వందకి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్ళినవాళ్ళు చాలామంది. మేం ఆటో ఎక్కి హిందీలో బేరమాడుతుంటే, డ్రైవరు ఓపిగ్గా అంతా విని, "మీది ఏ ఊరండీ?" అన్నాడు. బేరం అక్కడితో ఆగిపోయింది.

విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలూ ఉన్నాయి. దాదాపు మూడు రోజుల ప్రయాణం. సెలవులు బోలెడున్న పాతికేళ్ళ కుర్రాళ్ళకి చెబుతాను గానీ, కుటుంబంతో వద్దు.

లక్షద్వీప్‌కి దారి చాలావరకు కొచ్చి మీదుగానే. విమానం దిగే అగట్టి దీవిలో రన్‌వే చిన్నది, చిన్న విమానాలే దిగుతాయి, సీట్లు తొందరగా అయిపోతాయి. మనదేశమే అయినా మనకి ఎంట్రీ పర్మిట్ కావాలి. 36 దీవుల్లో జనం ఉన్నవి 10 మాత్రమే, పర్మిట్‌లో రాసిన దీవికే వెళ్ళాలి. ముందు పర్మిట్, తర్వాత టిక్కెట్టు. ఇది తలకిందులు చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మందు విషయంలో కూడా ముందే చెబుతున్నా, బంగారం అనే దీవిలోని రిసార్టులో తప్ప అక్కడ మద్యం నిషేధం.

మాల్దీవుల్లో రాజధాని మాలే నుంచి రిసార్టుకి స్పీడ్‌బోటో, సీప్లేనో (నీళ్ళ మీద దిగే చిన్న విమానం). సీప్లేన్ పగలు మాత్రమే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడు, మూడున్నర దాటాక దిగితే ఆ రాత్రి మాలేలోనే ఉండాల్సి రావచ్చు. అంటే ఒక రాత్రి రిసార్టు అద్దె వృథా. సీప్లేన్‌లో లగేజీ మామూలుగా 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. పెళ్ళికి వెళ్తున్నట్టు సర్దుకునే అలవాటున్నవాళ్ళు గమనించండి. ఇంకొకటి: పూజించే విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకెళ్ళడం నిషేధం. మద్యం సీసాలు, ఈ-సిగరెట్లు కూడా అంతే. బ్యాగు మూలన అమ్మ పెట్టిన చిన్న వినాయకుడు ఉన్నాడేమో చూసుకుని ఇంట్లో దింపి వెళ్ళండి.

వీసాల గురించి క్లుప్తంగా. మన పాస్‌పోర్టుకి మాల్దీవుల్లో దిగాక ఉచితంగా వీసా ఇస్తారు, ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వివరాలు నింపాలి. మారిషస్‌కి ముందుగా వీసా అక్కర్లేదు. సేషెల్స్‌కి వీసా లేదు గానీ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. బాలిలో దిగాక వీసాకి 5 లక్షల రూపాయా, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటక రుసుము ఇంకో లక్షన్నర రూపాయా. వాళ్ళ డబ్బులో లక్షలే, కంగారు పడకండి. థాయ్‌లాండ్, శ్రీలంక నిబంధనలు తరచూ మారుతుంటాయి. బుక్ చేసే వారంలో ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్ చూడండి, బంధువుల వాట్సాప్ మెసేజ్ కాదు. బాలికి మార్చిలో వెళ్తుంటే న్యేపి పండగ ఎప్పుడో చూడండి. ఆ ఒక్క రోజు దీవి మొత్తం నిశ్శబ్దం పాటిస్తుంది, విమానాశ్రయం కూడా మూసేస్తారు.

అడుగు 4: గది అద్దె అసలు ధర కాదు

మాల్దీవుల లెక్క ఒకటి వేసి చూపిస్తాను. రాత్రికి 200 డాలర్లని కనిపించిన గది అనుకోండి. పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి, చాలామంది అవి చూడరు. మొదటి ప్లస్ సర్వీస్ చార్జి, 10 శాతం. 220 అయింది. రెండోది పర్యాటక జీఎస్టీ, 2025 జులై నుంచి 17 శాతం. అది 220 మీద పడుతుంది, 257 దాటింది. ఇది కాక గ్రీన్ ట్యాక్స్: రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికి 24. మొత్తం 281. అంటే చూసిన ధర మీద 40 శాతం ఎక్కువ. ఇంకా తిండి, సీప్లేన్ లెక్కలోకి రాలేదు. ఒక దీవికి ఒకే రిసార్టు కాబట్టి బయట హోటల్లో తినే దారి లేదు, వాళ్ళు చెప్పిందే ధర. భోజనాలు కలిపి తీసుకోకపోతే మూడో రోజుకి మంచినీళ్ళ సీసా ధర చూసి కూడా టెన్షన్ పడాల్సి వస్తుంది.

దీనికి విరుగుడు స్థానికులుండే దీవులు. 2009 తర్వాత అక్కడ గెస్ట్‌హౌస్‌లకి దారి తెరిచారు. మాఫుషి, తులుస్ధూ, ధిగురా లాంటి దీవుల్లో చిన్న గెస్ట్‌హౌస్‌లకి గ్రీన్ ట్యాక్స్ కూడా సగమే. సముద్రం అదే, రంగు అదే. కానీ అది ముస్లిం గ్రామం. మందు దొరకదు, ఈత దుస్తులతో తిరగడానికి వేరే బీచ్ కేటాయిస్తారు, మిగతాచోట్ల ఒంటి నిండా బట్ట ఉండాలి. కుటుంబంతో వెళ్ళే మనలాంటివాళ్ళకి ఇదే నయమని నా అభిప్రాయం. పొద్దున్నే వీధిలో నడుస్తుంటే కొబ్బరికాయ కొట్టిచ్చే మనిషి కనిపిస్తాడు, ఎవరింట్లోనో పిల్లలు స్కూలుకి తయారవుతుంటారు. రిసార్టులో ఇది దొరకదు.

అండమాన్‌లో ఇంత గజిబిజి లేదు. ఫెర్రీ, స్కూటర్ అద్దె, స్కూబా, ఈ మూడూ విడిగా కలుపుకుంటే లెక్క తేలిపోతుంది. విదేశీ ప్యాకేజీ ఇక్కడి ఏజెంటు దగ్గర కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) విడిగా కట్టాలి, అది ధరలో కలిపారో లేదో అడగండి. రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది గానీ, కట్టేటప్పుడు జేబులోంచి పోయేదే.

శాకాహారులు ఎక్కువుంటే నీల్ దీవిని మర్చిపోవద్దు. అండమాన్‌కి కూరగాయలు పండించేది ఆ దీవే. బెంగాలీ కుటుంబాల చిన్న హోటళ్ళలో వేడి అన్నం, పప్పు, వంకాయ వేపుడు దొరుకుతాయి.

అడుగు 5: ఏ ఒడ్డు? ఉపగ్రహ పటం, తెలుగు క్యాలెండరు

దీవి దాదాపు ఖాయమైంది కదా. గది తీసుకోకముందు గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ఆ హోటల్ మీదికి దగ్గరగా వెళ్ళండి. ఒడ్డుకి దూరంగా తెల్లటి నురగ గీత, దానికీ ఇసుకకీ మధ్య లేత ఆకుపచ్చ పట్టీ కనిపిస్తే లాగూన్ ఉన్నట్టు. నురగ నేరుగా ఇసుకనే తాకుతుంటే అలల బీచ్. ఒడ్డు పక్కనే గోధుమరంగు మచ్చలు పరుచుకుని ఉంటే రాళ్ళో, పగడాలో, సముద్రపు గడ్డి మొక్కలో. అంటే నీళ్ళు తగ్గినప్పుడు మా అత్తగారి ప్రశ్న మీకూ ఎదురవుతుంది. ముదురు నీలం ఒడ్డు దాకా వచ్చేస్తే లోతు ఒక్కసారిగా పడిపోతుంది, పిల్లలకి పనికిరాదు.

తర్వాత ఆటుపోట్లు. అండమాన్‌లో పెద్ద పోటుకీ ఆటుకీ తేడా దాదాపు 2 మీటర్లు. మాల్దీవుల్లో సుమారు ఒక మీటరు, మారిషస్‌లో అందులో సగం. అందుకే అక్కడ ఈ గొడవ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, అండమాన్‌లో మాత్రం తప్పదు. పోటు నుంచి ఆటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది, రోజురోజుకీ సమయం సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పదింటికి నీళ్ళు నిండుగా ఉంటే రేపు పదకొండుకి దగ్గరగా.

మనకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్ళు బాగా పైకొస్తాయి, బాగా వెనక్కి పోతాయి. అష్టమి, నవమి ప్రాంతంలో తేడా తక్కువ, రోజంతా దిగడానికి వీలుగా నీళ్ళుంటాయి. మన తీరంలో చేపలవాళ్ళకి ఇది పుట్టుకతో తెలిసిన లెక్క. ట్రిప్ మధ్యలో అష్టమి పడేలా తేదీలు దొరికితే పిల్లలున్న ఇంటికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. ఖచ్చితమైన గంటలకి ఆ రేవు పేరుతో టైడ్ టేబుల్ చూసుకుని, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఆటు ఎప్పుడూ శత్రువేం కాదు. నీల్‌లో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర సముద్రం చెక్కిన సహజ రాతి వంతెనని ఆటు మీదే చూడాలి. పోటు మీద వెళ్తే దాని దగ్గరికి పోలేరు. ఆ రాళ్ళ గుంటల్లో సముద్ర దోసకాయలు, చిన్న రంగు చేపలు, మూతి తెరుచుకుని కూర్చున్న గవ్వలు కనిపిస్తాయి. మా పిల్లలు ఈత కంటే దాన్నే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. రబ్బరు బూట్లు తప్పనిసరి, పగడం కోస్తే మానడానికి చాలా రోజులు పడుతుంది. పగడం ముక్కా, గవ్వా జేబులో వేసుకోవద్దు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, విమానాశ్రయంలో బ్యాగు విప్పిస్తారు.

హేవ్‌లాక్‌లో ఒడ్డుల సంగతి చెప్పి ముగిస్తాను. రాధానగర్ పడమటి ఒడ్డు. మెత్తటి ఇసుక, రాళ్ళు తక్కువ, సూర్యాస్తమయం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో అత్యుత్తమ బీచ్ అంది. కానీ అది లాగూన్ కాదు, అలలుంటాయి, స్నార్కెలింగ్‌కి ఏమీ కనిపించదు. తూర్పున విజయ్‌నగర్, కాలాపత్తర్ బీచ్‌లు ఉదయానికి. హోటళ్ళు ఎక్కువగా ఉన్నదీ ఈ తూర్పు వైపే, ఆటు మీద రాళ్ళు తేలేదీ ఇక్కడే. స్నార్కెలింగ్‌కి పడవలో ఎలిఫెంట్ బీచ్ వెళ్ళాలి.

అడుగు 6: భయపెట్టడానికి కాదు గానీ

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవులు, ఉప్పుటేర్లు సముద్రంలో కలిసేచోట దిగొద్దు, బోర్డు ఉంటే వాదించొద్దు, లైఫ్‌గార్డు కట్టిన జెండాల మధ్యే ఉండండి.

లాగూన్‌లో అలలుండవు గానీ దిబ్బ తెగిన చోట, అంటే పడవలు వెళ్ళే దారిలో, నీళ్ళు బయటికి బలంగా లాగుతాయి. పటంలో ఆ తెంపు ముదురు రంగులో కనిపిస్తుంది. పిల్లల్ని అటు పోనివ్వొద్దు.

స్కూబా మొదటిసారి చేసేవాళ్ళు ట్రిప్ మొదట్లో పెట్టుకోండి. నీళ్ళలోంచి వచ్చాక కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజంతా విమానం ఎక్కకూడదు. ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. ఆస్తమా, గుండె జబ్బు, జలుబు ఉంటే నిజం చెప్పండి. ఫారం మీద "లేదు" అని టిక్కులు పెట్టేసి దిగడం మనవాళ్ళ అలవాటు.

ఒక ఇంటి లెక్క

కాకినాడలో మా పిన్ని కొడుకు కుటుంబం పోయినేడాది ఇదే వరసలో చేసింది. ఆరుగురు: వాడు, మరదలు, ఎనిమిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, పిన్ని, బాబాయి. కాగితం మీద "ఈత" ఒకటే, అది వాడిది. రెండు "నడుము లోతు", మూడు "ఒడ్డున కుర్చీ". దాంతో మాల్దీవులు పోయింది, మరదలు ముఖం కాస్త ముడుచుకుంది. సెలవు సంక్రాంతి, కాబట్టి బాలి, మారిషస్ పోయాయి. ఫుకెట్, అండమాన్ మిగిలాయి. బాబాయి పాస్‌పోర్టు గడువు అయిపోయింది. అండమాన్.

పిన్ని భోగికి ఇల్లు కదలనంది. కనుమ వెళ్ళాకే బయల్దేరతానంది. స్కూలు నాలుగు రోజులు పోతే పోనీ అన్నారు. క్యాలెండరు దింపి చూస్తే ఆ వారం మధ్యలోనే అష్టమి పడింది. హేవ్‌లాక్‌లో మూడు రాత్రులు, నీల్‌లో ఒకటి, పోర్ట్ బ్లెయిర్‌లో వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. ఐదున్నరకల్లా చీకటి కాబట్టి పొద్దున్నే ఆరింటికి నీళ్ళలో, మధ్యాహ్నం నిద్ర, మూడున్నరకి మళ్ళీ నీళ్ళు. వాడి స్కూబా హేవ్‌లాక్ రెండో రోజు. గది తీసుకునే ముందు మరదలే ఉపగ్రహ పటం చూసి, మొదట అనుకున్న హోటల్ ముందు గోధుమరంగు మచ్చలున్నాయని వేరేది ఎంచింది.

అన్నీ అయ్యాక పిన్ని ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఒకటే: ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకోవచ్చా అని. చెక్-ఇన్ బ్యాగులో పెట్టమన్నాను, మూతకి పాలిథిన్ కవర్ రెండు చుట్లు చుట్టి.